విమానం దగ్గర ‘మనోడే’ చెల్లదు

విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయం పేరెత్తితే చాలు, మన దగ్గర మాటలన్నీ భూముల రేట్ల మీదికో, ఉద్యోగాల మీదికో, దుబాయ్‌కి నేరుగా విమానం ఎప్పుడు పడుతుందన్న దాని మీదికో పోతాయి. పోనివ్వండి, తప్పేం లేదు. కానీ అక్కడ కొలువుల్లో చేరబోయే పిల్లలకీ, సిరిమానోత్సవం పాసులకి చేయించినట్టు తనిఖీ మినహాయింపులకీ ఫోన్లు చేయించే పెద్దమనుషులకీ ముందే చెప్పాల్సింది ఒకటుంది. ‘మనోడే, వదిలెయ్’ అన్న మాట విమానం దగ్గర చెల్లదు. పైలట్‌కే చెల్లదు.

యూనిఫాంలో ఉన్న కెప్టెనైనా బ్యాగు ట్రేలో పెట్టి, మెటల్ డిటెక్టర్ దాటి, సీఐఎస్ఎఫ్ జవాను ముందు చేతులు చాపి నిలబడాల్సిందే. విమానం నడిపేవాడికే తనిఖీ ఏంటండీ, కూల్చాలనుకుంటే వాడికి కత్తి కావాలా అని నవ్వేవాళ్లున్నారు. వాళ్లు 1987 డిసెంబరు 7న కాలిఫోర్నియాలో ఏం జరిగిందో చూడాలి. ఉద్యోగం ఊడిన ఓ ఎయిర్‌లైన్ మనిషి, తన దగ్గర ఉండిపోయిన ఐడీ కార్డుతో తనిఖీ తప్పించుకుని, తుపాకీతో సహా పీఎస్ఏ 1771 విమానం ఎక్కేశాడు. ఆ విమానం కూలి 43 మంది ప్రాణాలు పోయాయి. యూనిఫాం, కార్డు ఎవరి ఒంటి మీదున్నా తనిఖీ తప్పదన్న కట్టుబాటు ఇలాంటి చావుల తర్వాత వచ్చిందే.

మనం ఎక్కకముందు లోపల జరిగే పని ఎవరికీ కనిపించదు. క్యాబిన్ సిబ్బంది సీటు జేబుల్లో చెయ్యి పెట్టి చూస్తారు, సీటు కింద లైఫ్ జాకెట్ సంచి తడుముతారు, పై అరలు తెరుస్తారు, టాయిలెట్లో చెత్తబుట్ట దాకా వెతుకుతారు. టైమైపోతోందని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ముందుగా కోత పడే ప్రమాదం ఈ పనికే, ఎందుకంటే చేయకపోయినా ఆ రోజుకి ఏమీ కాదు.

ఇక కాక్‌పిట్ తలుపు. 2001 సెప్టెంబరు 11 తర్వాత పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటికీ తూటాకి తట్టుకునే తలుపులు పెట్టించారు. లోపలికి వెళ్లాలంటే సిబ్బంది ముందు ఇంటర్‌కమ్‌లో మాట్లాడాలి, పైలట్ బయట ఎవరున్నారో చూసుకుని తీస్తాడు. ఇంత చేసినా 2023 ఫిబ్రవరిలో దుబాయ్-ఢిల్లీ ఎయిరిండియా విమానంలో పైలట్ తన స్నేహితురాలిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టుకున్నాడు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిరిండియాకి 30 లక్షల రూపాయల జరిమానా వేసి, పైలట్ లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేసింది. అంత గట్టి తలుపూ స్నేహం దగ్గర తెరుచుకుపోయింది.

తలుపుతోనే అన్నీ తీరవన్నదీ ఒప్పుకోవాలి. 2015 మార్చి 24న జర్మనీ సంస్థ జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ టాయిలెట్‌కని బయటికొస్తే, కో-పైలట్ లోపల గడియ వేసుకుని విమానాన్ని ఆల్ప్స్ కొండలకి గుద్దించాడు. 150 మంది. బయటివాడిని ఆపడానికి పెట్టిన తలుపు ఆ రోజు కెప్టెన్‌నే ఆపింది. ఒక పైలట్ బయటికొస్తే క్యాబిన్ సిబ్బందిలో ఒకరు లోపల ఉండాలన్న పద్ధతిని ఆ తర్వాత చాలా విమాన సంస్థలు తెచ్చుకున్నాయి. పైలట్ తనకి టెన్షన్‌గా ఉంది, నిద్ర పట్టట్లేదు అని ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా చెప్పుకునే వీలుండటం అంతకంటే ముఖ్యం అని మా అభిప్రాయం. ఏ స్కానరూ మనసుని చూడలేదు కదా.

మన ప్రయాణికుల సంగతీ ఉంది. 2025 సెప్టెంబరులో బెంగళూరు-వారణాసి విమానంలో ఒకాయన టాయిలెట్ వెతుక్కుంటూ కాక్‌పిట్ తలుపు దాకా వెళ్లి, దిగాక విచారణ ఎదుర్కొన్నాడు. తొలిసారి విమానమెక్కాడట. చాలా విమానాల్లో ముందు వైపు ఆ రెండు తలుపులూ దగ్గరదగ్గరగానే ఉంటాయి మరి. రేపు కవిటి నుంచో, సోంపేట నుంచో గల్ఫ్ పనికి తొలిసారి బయల్దేరే కుర్రాడికి ఏది ఏ తలుపో ఎవరు చెబుతారు? ఇంగ్లిషులో గడగడా చదివేసే ప్రకటనా?

2014లో విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు, 2024లో శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రులయ్యారు. రెండు జిల్లాలకీ ఈ శాఖ కొత్తేమీ కాదు, అందుకే అడుగుతున్నాం. భోగాపురంలో తనిఖీ మినహాయింపుల కోసం వచ్చే సిఫార్సు ఫోన్లకి మొదటి రోజు నుంచే ‘కుదరదు’ అని చెప్పించండి. ఇక్కడి నుంచి ఎగిరే విమానాల్లో భద్రతా ప్రకటన తెలుగులోనూ వినిపించండి, ముందున్న టాయిలెట్ తలుపు మీద ఓ తెలుగు స్టిక్కర్ అంటించండి. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.