వంతెన మీద సాధకం

1959లో అమెరికన్ జాజ్ విద్వాంసుడు సానీ రోలిన్స్ కచేరీలు మానేశారు. అవకాశాలు తగ్గి కాదు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు, టెనర్ శాక్సఫోన్ అనగానే న్యూయార్క్‌లో ముందుగా తలచుకునే పేర్లలో ఆయనదొకటి. ఆ పేరుకు తగ్గట్టు వాయించడం లేదని ఆయనకే అనిపించింది. ఇంట్లో ఊదితే పక్కింటి గర్భిణికి ఇబ్బందని వాయిద్యం పట్టుకుని విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కారు. కింద ఈస్ట్ రివర్, పక్కన రైళ్ల రొద. ఎంత గట్టిగా ఊదినా అడిగేవారు లేరు. 1961 దాకా అక్కడే గంటల తరబడి సాధకం.

ఈ రెండేళ్లను చాలామంది విరామం అని రాస్తారు. నాకా మాట మింగుడుపడదు. ఆయన రికార్డులన్నిటినీ అర్థం చేసుకోవాల్సింది ఆ వంతెన మీద నిలబడే.

1956లో రికార్డు చేసిన 'శాక్సఫోన్ కొలోసస్'లో 'సెయింట్ థామస్' వినండి. రోలిన్స్ తల్లిది వర్జిన్ దీవులు. చిన్నప్పుడు ఆమె నోట విన్న వరస ఇది. ముందు మాక్స్ రోచ్ డ్రమ్స్ ఒక్కటే మోగుతుంది. అసలు వరస వాయించాక సొంత కల్పనలోకి దిగేటప్పుడు రోలిన్స్ పట్టుకునేది రెండే రెండు స్వరాలు. వాటినే తిప్పితిప్పి వాయిస్తారు, కాస్త జరుపుతారు, మధ్యలో ఖాళీ వదులుతారు. కర్ణాటక సంగీతంలో ఒక్క సాహిత్య పాదం మీద సాగే నెరవల్ విన్న చెవికి ఈ పద్ధతి పరాయిగా ఉండదు. అదే రికార్డులోని 'బ్లూ సెవెన్' మీద స్వరకర్త, విమర్శకుడు గుంథర్ షుల్లర్ 1958లో గొప్ప విశ్లేషణ రాశారు. అది చదివాక వాయించేటప్పుడు ధ్యాస తన మీదికే మళ్లి ఇబ్బంది పడ్డానని రోలిన్స్ తర్వాత చెప్పుకున్నారు. వంతెన ఎక్కడానికి అదే కారణమని అనను కానీ, ఆ మాట మరవలేం.

అప్పటికే 1957లో 'వే అవుట్ వెస్ట్'లో పియానో తీసేశారు. బాస్, డ్రమ్స్ మాత్రమే. పియానో వెనకనుంచి ఊతమిస్తుంది, దారి కూడా గీస్తుంది. అది లేకపోతే తప్పైనా ఒప్పైనా శాక్సఫోన్‌దే భారం.

వంతెన దిగాక 1962లో వచ్చిన 'ది బ్రిడ్జ్' చాలామంది విమర్శకులను నిరాశపరిచింది. మరో శాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్‌మన్ జాజ్‌ను తలకిందులు చేస్తున్న రోజులవి, రోలిన్స్ నుంచీ అలాంటిదే ఆశించారు. ఆ అంచనా తప్పని నా అభిప్రాయం. అందులో 'గాడ్ బ్లెస్ ది చైల్డ్' వినండి: జిమ్ హాల్ గిటార్ పొదుపుగా పలుకుతుంటే, శాక్సఫోన్ ఏ స్వరాన్నీ తొందరపెట్టదు. ఆ నిబ్బరం వంతెన మీద సంపాదించుకున్నదే.

1960ల చివర మళ్లీ ఆగి, బొంబాయి పొవాయ్‌లోని ఆశ్రమంలో యోగం, వేదాంతం నేర్చుకున్నారు. అదీ సాధకమే. 2012 తర్వాత మాత్రం ఊపిరితిత్తుల జబ్బు శాక్సఫోన్‌ను దూరం చేసింది. ఆయన దాచుకున్న కాగితాలు 2017లో ఆయన పుట్టిన న్యూయార్క్ హార్లెంలోనే ఉన్న షోంబర్గ్ కేంద్రానికి, అంటే నల్లజాతి సంస్కృతి మీద పరిశోధనకు నెలకొల్పిన గ్రంథాలయానికి, చేరాయి. వాటిలో సాధకం గురించి తన కోసం తాను రాసుకున్న నోటు పుస్తకాలున్నాయి.