ఇంట్లో ఉన్నవే కదా!

తెలుగులో ఇప్పటివరకు పుట్టిన మాటల్లోకెల్లా చవకైనది "ఇంట్లో ఉన్నవే". ఈ మాట అన్నారో, నెయ్యి ధర సున్నా, జీడిపప్పు ధర సున్నా, గ్యాసు ధర సున్నా. ధరలకు కళ్లెం వేయడానికి రిజర్వు బ్యాంకు రెపో రేటు అనే వడ్డీ రేటు పట్టుకుని ఏళ్ల తరబడి కుస్తీ పడుతోంది. హైదరాబాద్ కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు వంటింట్లో ఒక అమ్మగారు రోజూ మధ్యాహ్నం పన్నెండుకల్లా ఆ పని పూర్తి చేసి చేతులు కడుక్కుంటున్నారు. ఈ సంగతి ముంబయిలో రిజర్వు బ్యాంకువాళ్లకు తెలిసినట్టు లేదు.

అమ్మగారి వీడియో కార్యక్రమం పేరు "వంద రూపాయల్లో నలుగురికి కమ్మని భోజనం". మీరూ చూసే ఉంటారు, చూడకపోతే మీ ఆడపడుచు పంపే ఉంటుంది. కందిపప్పు 200 గ్రాములు 25 రూపాయలు, టమాటాలు అర కిలో 15, వంకాయలు అర కిలో 20, పాలకూర మూడు కట్టలు 20. మొత్తం 80. "మిగిలిన ఇరవై మీ సేవింగ్సండీ!" అని కెమెరా వైపు చూసి నవ్వుతారు. ఆ తర్వాత అసలు వంట మొదలవుతుంది. ఇంట్లో ఉన్న నెయ్యి రెండు చెంచాలు. ఇంట్లో ఉన్న జీడిపప్పు ఓ గుప్పెడు. ఇంట్లో ఉన్న బియ్యం, నూనె, చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ. కెమెరా అలా పక్కకు జరిగితే నేల నుంచి కప్పుదాకా గాజు సీసాలు, ఒక్కోదాని మీద అందమైన చేతిరాతతో చీటీ. ఆ గోడ ముందు బేగంబజారులో సగం కొట్లు సిగ్గుపడాలి.

ఆ ఇంట్లో ఉన్నవాటికి ఎవరూ లెక్క కట్టినట్టు లేదు కాబట్టి, ఆ చాకిరీ మనమే చేద్దాం. నలుగురికి బియ్యం 600 గ్రాములు, కిలో 55 అనుకుంటే 33 రూపాయలు. నూనె 60 మిల్లీలీటర్లు, లీటరు 150 చొప్పున 9. నెయ్యి 30 గ్రాములు, కిలో 650 అయితే 19 రూపాయల 50 పైసలు. జీడిపప్పు 25 గ్రాములు, కిలో 900 అనుకున్నా 22 రూపాయల 50 పైసలు. చింతపండు 5, పోపుసామాను, కారం, పసుపు కలిపి 8. ఇక గ్యాసు. 2025 ఏప్రిల్లో యాభై పెంచాక హైదరాబాద్‌లో 14.2 కిలోల సిలిండరు 905 అయింది, అంటే కిలో గ్యాసు 64 రూపాయలు. పెద్ద బర్నరు పెద్ద మంట మీద గంటకు దాదాపు 200 గ్రాములు తాగుతుంది. యాభై నిమిషాల వంటకు పది రూపాయల పైచిలుకు. కూడండి. కనబడని ఖర్చు 107, కనబడిన ఖర్చు 80. వంద రూపాయల భోజనం 187 రూపాయలకు తేలింది. రెండు పూటలా ఇలాగే పొదుపు చేస్తే నెలకు 11,220. పాలు, చాయ్, టిఫిను ఇంకా లెక్కలోకి రాలేదు. అమ్మగారి ఇరవై రూపాయల సేవింగ్సు మాత్రం భద్రంగా ఉన్నాయి.

అయినా ఇంత గొప్ప సిద్ధాంతాన్ని ఒక్క వంటింటికే కట్టిపడేయడం అన్యాయం. బోరబండ బస్తీలో ఒక గృహిణి దీన్ని బయట ప్రయోగించిందనుకోండి. నెలాఖరు సాయంత్రం కిరాణా కొట్టుకు వెళ్లి, రెండు కిలోల పప్పు, నూనె ప్యాకెట్లు సంచిలో వేసుకుని, "సేటూ, ఇవన్నీ నీ కొట్టులో ఉన్నవే కదా, కొత్తగా ఏం కొన్నావని పైసలు?" అంటుంది. సేటు ఖాతా పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి, "అక్కా, నీ ఇంట్ల ఉన్నయి ఊకెనే వస్తయి గావచ్చు. నా కొట్ల ఉన్నయి మాత్రం పైసలిస్తెనే బయటికొస్తయి. పోయిన నెలది రెండువేల నాలుగొందలు ఇంక అట్లనే ఉంది" అంటాడు. ఆమె వదలదు. గ్యాసు బండ తెచ్చిన పిల్లాణ్ణి, "బండ నీ ఆటోలో ఉన్నదే కదా తమ్మీ?" అని అడుగుతుంది. వాడు బండ దించకుండా ఆటో తిప్పుకుని పోతాడు. ఒకటో తారీఖున ఇంటి ఓనరు మెట్లెక్కి వస్తే, "ఇల్లు ఎప్పటి నుంచో ఉన్నదే కదన్నా, మీరు నెలనెలా కొత్తది కట్టట్లేదు కదా" అంటుంది. ఓనరు కాసేపు ఆలోచిస్తాడు. వాదనలో బలం ఉందని ఆయనకూ అనిపిస్తుంది. కరెంటు మీటరు వైపు, నీళ్ల ట్యాంకు వైపు, కొత్తగా సున్నం కొట్టిన గోడ వైపు చూసి, "నిజమే చెల్లే, ఉన్నదే. అందుకే ఖాళీ చేసినా ఈడనే ఉంటది" అంటాడు. బస్తీలో ఈ ఆర్థిక శాస్త్రం ఒక్కపూట కూడా నిలబడదు. ముప్పయ్యో అంతస్తులోనే బతుకుతుంది, అక్కడ గాలి పల్చగా ఉంటుంది కాబట్టి.

మాటవరసకు చెబుతున్నా, ఊళ్లో వడ్డీ లేకుండా అప్పు ఇచ్చేది ఆ సేటు ఒక్కడే. అతని మీద వీడియోలు లేవు.

సరే, ఖర్చు సంగతి వదిలేద్దాం. ఆ వంటైనా సరిగ్గా ఉందా? "గోంగూర, పప్పు, చింతపండు, ఉప్పు అన్నీ కుక్కర్లో పడేసి మూడు విజిల్స్!" అని ఇంకో వీడియోలో సెలవిచ్చారు. చేసి చూడండి. పులుపు తగిలిన పప్పు మెత్తబడదు, గింజ గింజగా గులకరాళ్లలా నిలుస్తుంది. మళ్లీ మూత పెట్టి ఇంకో ఆరు విజిల్స్, ఇంకో ఐదు రూపాయల గ్యాసు. నగరంలో చాలా ఇళ్లలో బోరు నీళ్లు, వాటిలో సున్నం. ఆ నీళ్లలో పప్పు ఎంత ఉడికించినా పలుకే. అందుకని పప్పుకు మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో, నల్లాలో వచ్చినవి ఓ బిందె పక్కన పెట్టుకోవాలి. కందిపప్పు అరగంట నానబెట్టి, గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చుక్క నూనె. ఆవిరి వచ్చేదాకా పెద్ద మంట, ఆ తర్వాత సన్న మంట. మూడో విజిల్‌కు కట్టేసి, ఆవిరి దానంతటదే దిగేదాకా ముట్టుకోకూడదు. ఆ పదిహేను నిమిషాలు ఉచితంగా ఉడుకుతుంది, ఈ భూమ్మీద నిజంగా ఇంట్లో ఉన్నది ఆ వేడి ఒక్కటే. మూత తీశాక గోంగూర విడిగా మగ్గించి కలపాలి, చింతపండు పులుసు పోయాలి, ఉప్పు వేయాలి. ఆ కుక్కర్లోనే పైగిన్నెలో బియ్యం పెడితే రెండింటికీ ఒకటే మంట.

పప్పు కూడా బరువైన వారం వస్తుంది. అప్పు చేసి పప్పు కూడు వద్దన్నారు పెద్దలు, అంటే పప్పు విలాసమని వాళ్లే ఒప్పుకున్నారు. అలాంటప్పుడు తెలంగాణ ఇళ్లలో పచ్చిపులుసు ఉంది. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, నాలుగు గ్లాసుల నీళ్లు, నాలుగు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి ఉప్పుతో నలిపి వేసి, ఉల్లిపాయ సన్నగా తరిగి చేత్తో పిసికి, కాస్త బెల్లం, కొత్తిమీర. చెంచా నూనెతో జీలకర్ర, ఎండుమిర్చి పోపు. మరిగించకూడదు, మరిగిస్తే అది చారవుతుంది, గ్యాసూ పోతుంది. పక్కన ఉడికించిన గుడ్డు తలా ఒకటి. రేషన్ కార్డు ఉంటే 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి, నలుగురికి 24 కిలోలు. కూరగాయలకు ఎర్రగడ్డ, మెహిదీపట్నం రైతుబజార్లు చాలు, సాయంత్రం మూసే వేళకు వెళ్తే ఆకుకూర కట్టలు బేరానికి దిగుతాయి. నూనె కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడాలి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది, లీటరనుకుని తెచ్చుకునే ప్యాకెట్టు కొన్నిసార్లు 750 గ్రాములే. ఇందులో ఏదీ వీడియోకు పనికిరాదు. జీడిపప్పు లేదు కదా.

"ఇంట్లో ఉన్నదే" అనే మాట వంటింట్లోనే ఆగి ఉంటే నవ్వి ఊరుకుందుం. అప్పులిచ్చేవాళ్లకూ అదే నోట్లో మాట. కార్డు పర్సులో ఉన్నదే కదా, గీకండి. లిమిట్ ఉన్నదే కదా, వాడండి. "మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు" అని తెలిస్తే పక్కింటివాళ్లను చూసి అయ్యో పాపం అంటాం. క్రెడిట్ కార్డు మీద ఉండేది చాలావరకు మూడున్నర రూపాయల వడ్డీ. నూటికి నెలకు మూడున్నర, ఏడాదికి 42. దాన్ని కంపెనీవాళ్లు శాతాల్లో, ఇంగ్లిషులో, నుసి అక్షరాల్లో చెబుతారు కాబట్టి ఎవరికీ అయ్యో అనాలనిపించదు. బాకీ 40,000 ఉందనుకుందాం. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 5 శాతం, 2,000. కట్టేశాం, గండం గడిచింది అనుకుంటాం. అందులో వడ్డీ 1,400, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 252. అసలుకు చేరింది 348 రూపాయలు. పైగా బాకీ అలా నిలిచి ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకినదానికి ఉచిత గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. అంటే వీడియో చూసి కార్డు మీద తెచ్చిన ఆ గుప్పెడు జీడిపప్పు అరగకముందే దాని మీద వడ్డీ మొదలవుతుంది.

గిరిగిరి ఫైనాన్సువాడిది ఇంకో ముచ్చట. చేతికి 9,000 ఇస్తాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పదివేలకు వెయ్యే కదమ్మా, పది శాతం" అంటాడు. మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తుంటే సగటున వాడి డబ్బు మన దగ్గర ఉండేది సగమే, అదీ వంద రోజులే. ఏడాది లెక్కకు తెస్తే దాదాపు 80 శాతం. కాబట్టి చేతిలో అదనంగా వెయ్యి ఉంటే చిన్న బాకీకా పెద్ద బాకీకా అని చూడటం దండగ. రూపాయల్లో ఎవరి వడ్డీ ఎక్కువో ముందు వాడికి కొట్టాలి. గిరిగిరి, ఆ తర్వాత కార్డు, ఆ తర్వాత పర్సనల్ లోను. కిస్తీల తేదీని జీతం పడిన రెండు మూడు రోజులకు మార్పించుకోవాలి. లేకపోతే ఒక్క బౌన్సుకు బ్యాంకు ఒక వాత, అప్పిచ్చినవాడు ఇంకో వాత పెడతారు. కార్డు బాకీ తీర్చలేకపోతే ఫోన్ చేసి తక్కువ వడ్డీ వాయిదాలకు మార్చమని అడగాలి, అడిగాక ఆ కార్డును కత్తిరించి పారేయాలి. కత్తిరించకుండా మారిస్తే ఏడాది తిరిగేసరికి రెండు బాకీలు.

ఇక "ఇంట్లో ఉన్న బంగారమే కదా". అద్దె గదిలో నలుగురు బతికే ఇంట్లో ఉన్న బంగారం ఎంత? ఒక జత కమ్మలు, పుస్తెలతాడు. బ్యాంకులో పెడితే ముప్పావలా నుంచి రూపాయి వడ్డీ, గల్లీలో తాకట్టు కొట్టులో రెండు మూడు రూపాయలు, అందుకని పెట్టక తప్పకపోతే బ్యాంకులోనే పెట్టాలి, వడ్డీ నెలనెలా కడుతూ పోవాలి, ఏడాది చివర అంతా కలిపి కడదామని వదిలేస్తే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం. ఇదంతా చెప్పడం తేలికే. పుస్తెలు బ్యాంకు లాకర్లోకి పోయాక ఆమె మెడలో పసుపుకొమ్ము కట్టుకుని, ఎవరూ చూడకుండా కొంగు కప్పుకుని, ఆఖరున గిన్నె అడుగున మిగిలిన పులుసుతో తింటుంది. ఆమెకు పొదుపు నేర్పుతారా మీరు? ఇంగువ చిటికెడు కూడా తూచి వేసే మనిషికి? పావు కిలో పప్పును ఐదు పూటలకు సాగదీసే మనిషికి?

సాయంత్రం ఏడు దాటాక, పొద్దున ఎనిమిదికి ముందు వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. లోన్ యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు ముట్టకూడదని సెప్టెంబరులో చెప్పింది. ఈ రాతలన్నీ రాకముందే, 2020 చివర్లో, ఇదే తెలంగాణలో ఆ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. బాకీ పేరు చెప్పి అమ్మానాన్నలకు, ఆఫీసువాళ్లకు ఫోన్లు చేసి, ఫొటోలు మార్చి పంపి, పరువు తీసి చంపారు. పోలీసులు కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. యాప్‌లు పేర్లు మార్చుకున్నాయి. "ఆధార్ ఇంట్లో ఉన్నదే కదా, ఐదు నిమిషాల్లో డబ్బు" అనే ప్రకటన నిన్నటికీ వస్తోంది, అదీ సరిగ్గా అమ్మగారి వంద రూపాయల భోజనం మధ్యలో, పోపు చిటపటలాడే వేళకు. అలాంటి బెదిరింపు ఫోను వస్తే మాటలు రికార్డు చేసి సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో యాప్ తెరవకండి, దయచేసి.

అమ్మగారికి ఒక విన్నపం. మీ తర్వాతి వీడియో బోరబండలోనో అడ్డగుట్టలోనో, ఒకే గదిలో, నెల 27వ తారీఖున తీయండి. సరంజామా మేమే సిద్ధం చేస్తాం. కందిపప్పు అర గ్లాసు, సగం కోసిన ఉల్లిపాయ, సీసా గోడకు అంటుకున్న చింతపండు, నూనె ప్యాకెట్‌ను కత్తిరిస్తే వచ్చినంత, ఎప్పుడు ఆరిపోతుందో తెలియని సిలిండరు. తినేవాళ్లు నలుగురు, ఒకడికి రేపు పరీక్ష. నల్లా నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, ఆ రోజు రాని రోజు అవుతుంది. వండుతుండగా మధ్యలో రెండుసార్లు రికవరీ ఫోను వస్తుంది, గరిటె తిప్పుతూనే జవాబు చెప్పాలి. కెమెరా స్టాండు, లైట్లు మాత్రం మీ ఇంట్లో ఉన్నవే తెచ్చుకోండి.