మునిగినవారిని అడిగారా?

విపత్తులను తట్టుకునే శక్తిని జనంలో పెంచే పనులు ఎంతవరకు వచ్చాయో తేల్చడానికి సమీక్షలు జరుగుతుంటాయి. జరగాలి కూడా. కానీ ఆ సమీక్షల్లో వినిపించే లెక్కల తీరు చూస్తే మాకు ఆందోళన కలుగుతోంది. ఇన్ని శిక్షణ తరగతులు, ఇంతమంది వాలంటీర్లు, ఇన్ని మాక్ డ్రిల్స్, ఇన్ని కిట్లు. శాఖలు నివేదికలు చదువుతాయి, పై అధికారులు వింటారు, పనులు వేగవంతం చేయాలని చెప్పి లేస్తారు. ఆ బల్ల దగ్గర 2024 వరదలో మునిగిన విజయవాడ సింగ్ నగర్ మనిషి ఎవరైనా కూర్చుంటున్నారా? రాజరాజేశ్వరిపేటలో పిల్లల్ని భుజాన వేసుకుని నీళ్లలో నడిచిన తల్లిని పిలిచి, ఆ రోజు తర్వాత మీ వీధిలో ఏం మారిందమ్మా అని అడుగుతున్నారా? మునిగినవాళ్లను అడగకుండా పురోగతి తేల్చడం కుదిరే పని కాదు.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం ఏం జరిగిందో ఈ నగరానికి మళ్లీ చెప్పనక్కర్లేదు. బుడమేరు వాగు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ చానల్‌కు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, జక్కంపూడి నీళ్లలో మునిగాయి. అటు కృష్ణ కూడా పోటెత్తింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, ఆ బ్యారేజీ చరిత్రలోనే అది అత్యధికం. ఇవన్నీ అందరూ చెప్పుకున్నవే. తక్కువగా చెప్పుకున్నది ఇంకొకటి ఉంది. మొదటి కొన్ని గంటలు జనాన్ని ఎవరు కాపాడారు? పక్కింటివాళ్లు. పై అంతస్తులో ఉన్నవాళ్లు కింద వాటాలవాళ్లకు తలుపులు తెరిచారు. వీధి కుర్రాళ్లు లారీ ట్యూబులు, థర్మాకోల్ షీట్లు, దొరికిన డ్రమ్ములు కట్టి ముసలివాళ్లను, బాలింతలను రోడ్డు మీదికి చేర్చారు. ట్రాక్టర్లు తెచ్చారు, జేసీబీలు తెచ్చారు. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్), సైన్యం, హెలికాప్టర్లు, డ్రోన్లు ఆ తర్వాత వచ్చాయి. వచ్చాక వాళ్లు చేసింది చిన్న సాయం కాదు. సైన్యం సాయంతోనే సెప్టెంబర్ 7 నాటికి గండ్లు పూడ్చగలిగారు. అయినా నీళ్లు గడప దాటిన ఆ మొదటి గంటలో వీధికి వీధే దిక్కైంది.

సమాజాన్ని సిద్ధం చేయడమంటే ఆ గంటకు సిద్ధం చేయడమే. ఆ కుర్రాళ్ల చేతిలో ట్యూబు బదులు లైఫ్ జాకెట్ ఉండాలి, మంచి తాడు ఉండాలి, ఏ ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉన్నారో, ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో తెలియాలి. ఇది జరిగిందా లేదా అన్నది ఆ వీధి మాత్రమే చెప్పగలదు. ఏ శాఖ రిజిస్టరూ చెప్పలేదు.

అంతమందిని ఒక్క రాత్రిలో తరలించడం సాధ్యం కాదని అప్పట్లో అధికార వర్గాల నుంచి ఒక మాట వినిపించింది. ఆ మాటను మేం ఇప్పటికీ జీర్ణించుకోలేకపోతున్నాం. లక్షల మందిని బస్సులెక్కించమని ఎవరూ అడగలేదు. నాలుగు గంటల ముందు మైకులో గట్టిగా చెప్పి ఉంటే బియ్యం బస్తా అటకెక్కేది. ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు ఒక సంచిలో పడేవి. మంచం పట్టిన పెద్దాయన మేడ మీదికి చేరేవాడు. ఆటో ఫ్లైఓవర్ ఎక్కేది, దాంతో పాటు ఆ ఇంటి ఆరు నెలల బతుకు మిగిలేది. ప్రభుత్వం తర్వాత కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తువాళ్లకు 10,000 రూపాయలు పరిహారం ఇచ్చింది. ముందుగా అందిన ఒక్క కబురు అంతకంటే ఎక్కువే కాపాడి ఉండేది.

సాధ్యం కాదనడానికి కృష్ణా తీర జిల్లాల చరిత్ర కూడా ఒప్పుకోదు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది, వేల మంది పోయారు. 1990 మేలో మళ్లీ ఇదే కృష్ణా తీరాన్ని భీకర తుపాను తాకింది. అప్పుడు లక్ష మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు, మరణాలు వెయ్యి లోపు ఆగాయి. అదీ తక్కువ విషాదమేం కాదు. కానీ 1977తో పోలిస్తే తేడా ఎక్కడ వచ్చిందో తీరంలో ఏ పెద్దవాళ్లను అడిగినా చెబుతారు. సెల్‌ఫోన్ లేని రోజుల్లో, తారు రోడ్డు లేని పల్లెల్లో జరిగిన పని, 2024లో నగరం నడిబొడ్డున ఎందుకు జరగలేదు? తీరం వెంట జనానికి తుపాను భాష నేర్పాం. బుడమేరు పక్కన ఉన్నవాళ్లకు ఏమీ నేర్పలేదు.

కృష్ణానది విషయంలో మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అనే మాటలు బెజవాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వస్తే సామాను సర్దుకోవాలో కృష్ణలంక, రాణిగారితోట పాతకాపులు లెక్క కట్టి చెప్పేవారు. ఇప్పుడు రిటైనింగ్ వాల్ వాళ్లను చాలావరకు కాచింది. మరి బుడమేరు సంగతి? నగరానికి ఎగువన బుడమేరు మీదున్న వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే పాయకాపురానికి నీళ్లు ఎన్ని గంటల్లో వస్తాయి? కృష్ణ నిండుగా ఉన్నప్పుడు డైవర్షన్ చానల్ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆ సంగతి గట్టు పక్కన కాపురం ఉండేవాళ్లకు ఎవరు చెప్పారు? 2005లో కూడా బుడమేరు నగరాన్ని ముంచింది. ఆ తర్వాత వచ్చి స్థిరపడ్డ వేల కుటుంబాలకు అది వాగు అని కూడా తెలియదు, మురుగు కాలువ అనుకున్నారు. ఫోన్లలో అలర్టులు వస్తున్నాయి నిజమే. భారీ వర్షాలు, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని మెసేజ్. ఎవరిది లోతట్టు ప్రాంతం? మా వీధా, పక్క వీధా? ఎంత ఎత్తు వస్తుంది? ఎక్కడికి వెళ్లాలి? ఆ మెసేజ్ పంపడం పురోగతి ఖాతాలో పడుతుంది. అందుకున్నవాడికి ఏం అర్థమైందో అడగడం ఏ ఖాతాలోనూ లేదు.

స్థానిక వాలంటీర్లకు విపత్తు శిక్షణ ఇచ్చే ఆపద మిత్ర పథకాన్ని మేం తక్కువ చేయడం లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో వరద ముప్పున్న 30 జిల్లాల్లో 6,000 మందితో దీన్ని మొదలుపెట్టి, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ లక్ష్యంగా పెంచింది. ప్రథమ చికిత్స, నీళ్లలోంచి మనిషిని బయటికి లాగడం, కిట్, బీమా అన్నీ ఉన్నాయి. మంచి ఆలోచనే. కానీ శిక్షణ పొందిన అబ్బాయి ఎవరో అతని వీధికి తెలియకపోతే ఆ శిక్షణ ఎవరికి? ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్లిపోయినవాడి పేరు ఇంకా జాబితాలో ఉందా? కిట్ అతని ఇంట్లో ఉందా, ఆఫీసు బీరువాలో తాళం కింద ఉందా? తాళంచెవి ఆదివారం తెల్లవారుజామున ఎవరి దగ్గర ఉంటుంది? సమీక్షలో అడగాల్సింది ఇది. ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్న అంకె ఎవరైనా చెబుతారు.

విపత్తుకు సిద్ధం చేసే ప్రాజెక్టు ఈ నగరానికి కొత్త కూడా కాదు. గత దశాబ్దంలోనే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో విపత్తు ముప్పు తగ్గించే పనికి దేశంలో ఎంచుకున్న కొద్ది నగరాల్లో విజయవాడ ఒకటి. నగరానికి ఏ ముప్పులున్నాయో, అవి ఎవరికి ఎక్కువో అంచనా వేయడం ఆ పనిలో భాగం. మరి 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున ఆ కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి? వార్డు సచివాలయం ఉద్యోగికి వాటి గురించి తెలుసా? వీధికి చేరని ప్రణాళిక నగరాన్ని కాపాడలేదని ఒకసారి చూశాం. రెండోసారి కూడా అదే కొలబద్దతో పురోగతి చూపిస్తామంటే ఎలా?

ముందు కట్టలు గట్టిపడాలి, ఆక్రమణలు పోవాలి, చానల్ వెడల్పు కావాలి, జనాన్ని సిద్ధం చేయడం నిదానంగా సాగే పని అని అధికారులు అంటారు. అందులో కాదనేది లేదు. అయితే కట్ట పని ఏళ్లు పడుతుంది, వాన ఏటా వస్తుంది. పైగా కట్ట మీద నమ్మకమే కదా 2024లో జనాన్ని నిద్రలో ముంచింది.

గుంటూరు వైపు చూసినా ఇదే కథ. 2024 ఆగస్టు 31న పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర పొంగిన వాగు దాటబోయి కారు కొట్టుకుపోయింది. పిల్లల్ని ఇళ్లకు చేర్చడానికి బయల్దేరిన ఉపాధ్యాయుడు, ఆయనతో ఉన్న ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఆ ప్రాణాలు కాపాడటానికి హెలికాప్టర్లు అక్కర్లేదు, వందల కోట్లు అక్కర్లేదు. వాగు రోడ్డెక్కిన చోట అటొకరు ఇటొకరు నిలబడి, అడ్డంగా తాడు కట్టి, వెళ్లొద్దు మాస్టారూ అనే ఇద్దరు మనుషులు చాలు. ఆ ఇద్దరు ఎవరో ప్రతి ఊళ్లో వానాకాలానికి ముందే తేలిపోయి ఉండాలి. జిల్లాలో ఏ కల్వర్టు దగ్గర ఎవరు నిలబడతారో పేర్లు రాసి పంచాయతీ గోడ మీద అంటించారా? ఉప్పలపాడు ఊరివాళ్లను ఎవరైనా వెళ్లి అడిగారా?

మా అసలు భయం ఇక్కడితో ఆగదు. విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో చేసిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థలున్న నగరాల్లో పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేయవచ్చు. విజయవాడ, గుంటూరు రెండూ ఆ పరిధిలోకే వస్తాయి. రాష్ట్రంలో అందరికంటే దారుణంగా మునిగిన నగరం విజయవాడ. ఇక్కడే శిక్షణల సంఖ్య చూపించి పురోగతి అనిపించుకుంటే రేపు ప్రతి కార్పొరేషన్ అదే ఫార్మాట్ దించుకుంటుంది. ఫొటో, హాజరు పట్టిక, ఖర్చు వివరం, అయిపోయింది. ఒకసారి ఆ పద్ధతి పాతుకుపోతే పీకడం ఎవరివల్లా కాదు. మునిగినవాళ్లను అడగకుండా తేల్చే అలవాటు ఇక్కడ మొదలైతే, పక్క నగరాల్లో మునగబోయేవాళ్లను కూడా ఎవరూ అడగరు.

చేయాల్సింది కష్టమైనదేం కాదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) కింద మహిళల పొదుపు సంఘాలు వీధి వీధికీ ఉన్నాయి. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి నడవడం చేతకాదో ఆ అక్కచెల్లెళ్లకు తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియదు. వాళ్ల చేత వీధి జాబితా రాయించండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడల మీద గీతలు పెట్టించండి, ఇంట్లోవాళ్లే చూపిస్తారు. బుడమేరుకు కూడా కృష్ణకున్నట్టు జనానికి అర్థమయ్యే హెచ్చరిక అంచెలు పెట్టి, ఒక్కో అంచెకు ఏ వీధి ఏం చేయాలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో, సచివాలయం గోడ మీద రాయించండి. మాక్ డ్రిల్ పగలు పదకొండింటికి పాఠశాల ఆవరణలో కాదు, అర్ధరాత్రి కరెంటు తీసేసి వాంబే కాలనీలో పెట్టండి. ఎంతమంది ఎంతసేపట్లో మేడెక్కారో అప్పుడు లెక్క తీయండి. ఆ లెక్క ఎంత చిన్నదైనా మేం మొదటి పేజీలో అచ్చేస్తాం.

వచ్చే సమీక్ష కలెక్టరేట్‌లో కాదు, సింగ్ నగర్‌లో పెట్టండి. ఏసీ గది లేదని వెనకాడొద్దు. ముందు వరుసలో అధికారులు కాదు, ఆ రోజు ఇంట్లోంచి ఈదుకుంటూ బయటపడినవాళ్లు కూర్చోవాలి. శాఖల నివేదిక వాళ్ల ముందు చదవండి. కిట్ ఎక్కడుందో, వాలంటీర్ ఎవరో, మైకు ఎప్పుడు మోగుతుందో వాళ్లు చెప్పలేకపోతే ఆ నివేదికను అక్కడే చించేసి మళ్లీ పని మొదలుపెట్టండి. అంతవరకు జనాన్ని సిద్ధం చేసే పని సంతృప్తికరంగా సాగుతోందని సంతకం పెట్టే హక్కు ఏ అధికారికీ లేదు.