పట్టుచీర ఏ ఖాతాలో రాయాలి?

పలాస జీడిపప్పు వ్యాపారి మనసు ఆదాయపు పన్ను శాఖకు ఎన్నటికీ అర్థం కాదు. కొట్టు పెట్టిందే ఇంటి కోసమైనప్పుడు ఇంటి ఖర్చు కొట్టు ఖర్చు కాకుండా ఎలా పోతుంది? ఇంత చిన్న తర్కం ఒంటబట్టక 1961 ఆదాయపు పన్ను చట్టం, ఖర్చును ఆదాయంలోంచి తీసెయ్యాలంటే సెక్షన్ 37(1)లో మూడు మెలికలు పెట్టింది. సొంత ఖర్చు కాకూడదు, ఆస్తి కొన్న ఖర్చు కాకూడదు, అచ్చంగా వ్యాపారం కోసమే పెట్టి ఉండాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టమొచ్చి నంబర్లు మారాయి గానీ బుద్ధి మారలేదు. కనుక ఇక్కడ నోటికి అలవాటైన పాత నంబర్లే.

అమ్మాయి పెళ్లికి పెద్ద పార్టీలొచ్చారు కాబట్టి భోజనాలు, ఇంటావిడ పట్టుచీర 'బిజినెస్ ప్రమోషన్' అంటాం. ఆడిటర్ గారు కొట్టేస్తారు. పోనీ బావమరిదికి నెలకు ముప్పై వేలు జీతం రాద్దామంటే, ఇక్కడ చట్టం కాస్త కరుణించింది. చుట్టాలకు ఎక్కువిస్తే కోసేసే 40ఎ(2)కి బంధువంటే భార్యాభర్తలు, తోబుట్టువులు, తాతతండ్రులు, బిడ్డలు, మనవలే. బావమరిది ఆ జాబితాలో లేడు! సంబరం వద్దు. గోదాములో వాడెప్పుడైనా కనిపించాడా అని 37(1) అడుగుతుంది.

దీపావళికి కొన్న కారుకు ఏటా ఖర్చుగా రాసుకునే తరుగుదల 15 శాతం. మార్చి 31కి 180 రోజులు నిండవు కనుక ఈ ఏటికి ఏడున్నరే. అందులోంచి అరసవల్లి దర్శనాల వాటా తీసెయ్యాలి. మామూళ్లు ఏ పేరుతో రాసినా చెల్లవు. రాజకీయ పార్టీ సావనీరులో వేయించిన ప్రకటనా అంతే, 37(2బి) ఒప్పుకోదు.

చీర కోసం ఇంత పోరాడే మనిషి, న్యాయంగా చెల్లే ఖర్చును మాత్రం చేజేతులా పారేసుకుంటాడు. దళారికి జీడిపిక్కల బాపతు యాభై వేలు, ఒకే రోజు, సంచిలో నోట్లు. ఒక మనిషికి ఒక రోజులో నగదు పదివేలు దాటితే 40ఎ(3) కింద మొత్తం పోతుంది. దాటిన నలభై కాదు, యాభైకి యాభై. ముప్పై శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి 15,600 రూపాయలు అదనంగా కట్టాలి. దీనికి మనవాళ్ల విరుగుడు: పదేసి వేలకు ఐదు వోచర్లు, ఒకే తేదీ, ఒకే పెన్ను. చట్టం వోచర్లను లెక్కపెట్టదు, రోజు మొత్తం కూడుతుంది. తేదీలు వెనక్కి జరిపితే బ్యాంకులో తియ్యని డబ్బు ముందే ఇచ్చినట్టయి క్యాష్‌బుక్ మైనస్‌లోకి దిగుతుంది.

అవే పిక్కలు ఉద్దానం రైతు దగ్గర నేరుగా కొంటే నగదిచ్చినా, ఈ పదివేల హద్దుకు మినహాయింపులిచ్చే 6డిడి రూలు కాపాడుతుంది. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, సంతకం ఉన్న చీటీ చేతిలో ఉంచుకోవాలి. మనం రైతుకేమో ఫోన్‌పే కొడతాం, దళారికి నోట్లు లెక్కపెడతాం. లారీ కిరాయికి నగదు హద్దు 35 వేలు. అక్కడ మాత్రం డ్రైవరుతో బేరమాడి పదివేలకే దించుతాం.

ఇంతా చేసి కట్టిన ఆదాయపు పన్నునైనా ఖర్చు రాసుకోనివ్వదు 40(ఎ)(ii). ఆడిటర్ గారి ఫీజు మాత్రం నిక్షేపంగా చెల్లుతుంది. దాన్నే మూడేళ్లుగా బాకీ పెడుతున్నాం.