'గ్రామం ఎంచుకోండి' గారికి

మహారాజశ్రీ 'గ్రామం ఎంచుకోండి' గారికి,

దివిసీమలోని ఒక పాలెం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమని వేరే చెప్పనక్కర్లేదు, సర్వర్ పడుకున్నా ఆన్‌లైన్ దరఖాస్తులో మీ గడి మాత్రం తెర మీద వెలుగుతూనే ఉంటుంది.

మా చెల్లి ఫీజు రాయితీకి ఆదాయ ధ్రువపత్రం కావాలని పోయిన వారం మీ దగ్గరికి వచ్చాం. జిల్లా అడిగారు, చెప్పాం. మండలం అడిగారు, చెప్పాం. గ్రామం దగ్గరికి వచ్చేసరికి మీరు పరిచిన చిట్టాలో మా పాలెం లేదు. సెంటర్ కుర్రాడు పైకి జరిపాడు, కిందికి జరిపాడు, స్పెల్లింగ్ మార్చి వెతికాడు. చివరికి వాడే నన్ను ఓదార్చాడు. "మీ ఊరు ఇందులో రాదన్నా. పెద్దూరు కొట్టేస్తా. మీ పాలెం వాళ్ళందరికీ అదే కొడుతున్నా." ఓటీపీ నాన్న ఫోనుకు పోయింది. నాన్న చేలో ఉన్నాడు, ఫోను గట్టు మీద చొక్కా జేబులో ఉంది. ఆ కథ ఇప్పుడొద్దు.

నిన్న మీ జవాబు వచ్చింది. తిరస్కరించారు. కారణం: ఆధార్‌లోని గ్రామమూ, దరఖాస్తులోని గ్రామమూ సరిపోలలేదు.

ఎలా సరిపోలుతుంది సార్? ఆధార్‌లో మా పాలెం పేరుంది. మేం ఉండేది అక్కడే కాబట్టి ఉంది. దరఖాస్తులో పెద్దూరు ఉంది. మీరు ఇంకోటి రాయనివ్వలేదు కాబట్టి ఉంది. మీరే చెప్పించిన అబద్ధానికి మీరే మమ్మల్ని పట్టుకున్నారు.

మధ్యాహ్నమంతా ఆ కౌంటరూ ఈ కౌంటరూ తిరిగితే ఒక మేడమ్ దయతలచి దారి చూపించారు. పాలెం, పెద్దూరు ఒకటేనని ధ్రువీకరణ తెచ్చుకోవాలట. దానికీ ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. పెట్టబోతే రాష్ట్రం, జిల్లా, మండలం, ఆ తర్వాత నవ్వుతూ మళ్ళీ మీరే.

మాది పెద్ద చరిత్ర ఉన్న ఊరని గొప్పలు పోవడం లేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలవల వెంట సాగు పెరిగింది. పని ఎక్కడుంటే అక్కడ పాకలు లేచాయి. చల్లపల్లి జమీ పొలాల్లో కూలికి వచ్చిన మా ముత్తాతల వాళ్ళు పెద్దూరి నుంచి రోజూ నడిచి రాలేక చేల పక్కనే మెరక చూసుకుని దిగిపోయారు. తర్వాత వాళ్ళ వియ్యాలవారొచ్చారు, ఆ వెనక సముద్రం వైపు నుంచి వేటకు వెళ్ళేవాళ్ళు రెండు వరసల ఇళ్ళు కట్టుకున్నారు. రామాలయం కట్టారు. రామాలయం గురించి కొట్టుకున్నారు. ఊరవ్వడానికి ఇంకేం కావాలో నాకు తెలీదు.

జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. కాగితాల్లో మాత్రం మేం పెద్దూరి శివారుగానే ఉండిపోయాం. 1984లో ఊరి లెక్కలు చూసే కరణాలనీ మునసబులనీ తీసేశారు. మా కరణం గురించి మంచి మాట చెప్పేవాళ్ళు పాలెంలో ఎవరూ లేరు, కానీ మనిషిని చూడగానే "పాలెం వాళ్ళా?" అని అడిగి పొలాల లెక్క రాసే అడంగల్ తెరిచేవాడట. ఆ పాటి తెలివి మీకు లేదు.

మీ పై వాళ్ళకి మేం తెలియదనుకుందామంటే అదీ కుదరదు. 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామాన్ని ప్రకటించే చోటే శివారు గ్రామాల ప్రస్తావన తెచ్చింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన భూమి రికార్డుల్లో ఊళ్ళుగా ఉన్న రెవెన్యూ గ్రామాలతో ఆగకుండా మైదానాల్లో 500, కొండల్లో 250 జనాభా దాటిన ఆవాసాలను లెక్క వేసుకుంది. మంచినీళ్ళ శాఖ ట్యాంకులు, పైపులు రాసుకునేది కూడా ఆవాసాల వారీగానే. తారు పోయడానికి మేం ఉన్నాం, పైపు వేయడానికి ఉన్నాం. ఇంటిపన్ను నోటీసు ఒక్కసారైనా దారి తప్పి పెద్దూరికి పోయిన పాపాన పోలేదు. ఓట్ల సంగతి సరేసరి. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో, హైదరాబాద్‌లో సెక్యూరిటీ పని చేసుకునే పెద్దోడు ఏ బస్సుకి వస్తాడో కూడా పార్టీల వాళ్ళకి నోటికి వచ్చు.

జనగణన వాళ్ళు మీకు చుట్టాలనుకుంటాను. వాళ్ళకీ గ్రామమంటే రెవెన్యూ గ్రామమే. 2011 లెక్కల్లో పెద్దూరి జనాభాలో మేం చారులో ఉప్పులా కరిగిపోయి ఉన్నాం. దోమల మందు వాళ్ళు, సర్వే వాళ్ళు వచ్చినప్పుడల్లా గడప మీద ఒక నంబరు రాసి పోతారు. మా తలుపు చూస్తే లెక్కల నోటుబుక్కే. అందులో ఒక్క నంబరూ మీ దగ్గర పనిచేయదు.

2014లో సచిన్ టెండూల్కర్ ఎంపీ హోదాలో నెల్లూరు వైపు పుట్టంరాజువారి కండ్రిగను దత్తత తీసుకున్నారు. అదీ పంచాయతీ కాదు, నేర్నూరు పంచాయతీలో శివారు. ముంబయి నుంచి క్రికెట్ ఆడుకునే మనిషికి కనబడింది. తెలంగాణలో 2018లో వెయ్యికి పైగా తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. మాకు సర్పంచి పదవి కూడా వద్దు. ఒక్క వరుస చాలు, మీ చిట్టాలో.

పెద్దూరంటే మాకు పగ లేదు. పిల్లనిచ్చాం, పిల్లను తెచ్చుకున్నాం. కానీ గ్రామసభ అక్కడే, రేషను అక్కడే. మా బడి అయిదో తరగతితో ఆగిపోతే ఆరు నుంచి అక్కడికే. ఇప్పుడు మా పేరు కూడా అక్కడిదేనంటున్నారు మీరు.

మా నానమ్మ ఈ గొడవంతా విని ఒక మాట అడిగింది. దానికి జవాబు మీరే చెప్పాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో, ఆ చుట్టుపక్కల సుమారు 10,000 మంది పోయారు. మా పాలెంలో నానమ్మ అత్తగారూ, ఇద్దరు మరదళ్ళూ, చంటి మేనల్లుడూ పోయారు. నీళ్ళు తీశాక ఆఫీసర్లు బురదలో నడుచుకుంటూ వచ్చి, ప్రతి పాలెం పేరూ విడివిడిగా పైన రాసి, కింద పోయినవాళ్ళ పేర్లు రాసుకున్నారట. "అప్పుడు రాసుకున్నారు కదరా ఊరి పేరు, ఇప్పుడు ఎక్కడికి పోయింది?" అంది.

చెప్పు. ఎక్కడికి పోయింది? శవాలు లెక్కపెట్టడానికి పనికొచ్చిన ఊరు ఒక ఆడపిల్ల కాలేజీ ఫీజుకి పనికిరాలేదా? చిట్టాలో ఒక పేరు చేర్చడానికి నీకేం పోయేకాలం? ఆ ఆఫీసర్ల దగ్గర కంప్యూటర్లు లేవు, కరెంటు లేదు, ఆ పూట తిన్నారో లేదో తెలీదు. వాళ్ళు రాసుకోగలిగారు. ఏసీ గదిలో కూర్చోబెట్టిన నీకు చేతకాలేదు. పైగా మేం ఇచ్చిన వివరాలు తప్పని నువ్వు మాకు మెసేజ్ పెడతావా? అదీ ఇంగ్లీషులో!

క్షమించాలి. కాస్త గొంతు లేచింది.

నాన్న అయితే "పోన్లేరా, ఆధార్‌లో పెద్దూరనే మార్పించెయ్, పిల్ల చదువు ముఖ్యం" అంటున్నాడు. చెల్లి ససేమిరా అంటోంది. ఆధార్ మారిస్తే బ్యాంకు, బ్యాంకు మారిస్తే కాలేజీ, తర్వాత ఇంకెవరో సరిపోలలేదంటారు, నేను మార్చనంది. అది చదివేది కంప్యూటర్లే కాబట్టి మీ గుట్టు దానికి తెలిసే ఉంటుంది.

ఫీజు గడువు నెలాఖరు. రేపు పొద్దున్నే మళ్ళీ వస్తున్నాం, ఈసారి దాన్ని వెంటబెట్టుకుని. నాకున్న ఓపిక దానికి లేదు. ముందే చెబుతున్నాను.

ఇట్లు,
పెద్దూరు కాని ఊరివాడు