వర్జీనియా వుల్ఫ్‌ను ముంచింది చాలు

ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఏ పాటలోకి వచ్చినా కాసేపటికి నీళ్లు వచ్చేస్తాయి, వెనకే కోటు జేబులో రాళ్లు. ఫ్లోరెన్స్ అండ్ ద మెషీన్ బ్యాండ్ 2011లో తెచ్చిన 'వాట్ ద వాటర్ గేవ్ మీ' సంగతే చూడండి. పేరు చిత్రకారిణి ఫ్రిదా కాలో బొమ్మది, లోపల మునిగేది మాత్రం వుల్ఫ్. పాట బాగుంటుంది, కాదనను. కానీ 1941 మార్చి 28న జేబులో రాళ్లు నింపుకుని ఊజ్ నదిలోకి దిగి ప్రాణం తీసుకునే ముందు ఆవిడ 59 ఏళ్లు బతికింది, తొమ్మిది నవలలు రాసింది. పాటగాళ్లకు పనికొచ్చే సరుకంతా ఆ బతుకులో ఉంది.

పేర్లు మాత్రం బాగానే వాడుకున్నారు. రాయాలంటే ఆడదానికి డబ్బూ సొంత గదీ ఉండాలని వాదించిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' వ్యాసంలో ఆమె ఊహించిన షేక్‌స్పియర్ చెల్లెలు 1985లో ద స్మిత్స్ బ్యాండ్ పాటకు పేరైంది, ఆ పాట నుంచి మరో బ్యాండ్‌కు పేరైంది. మోడెస్ట్ మౌస్ అనే అమెరికన్ బ్యాండ్ తన పేరును వుల్ఫ్ రాసిన 'ద మార్క్ ఆన్ ద వాల్' కథలోంచి ఏరుకుంది. తమాషా ఏమిటంటే, స్మిత్స్ గిటారిస్ట్ జానీ మార్ 2006లో వెళ్లి చేరింది ఆ మోడెస్ట్ మౌస్‌లోనే.

పాట వల్లనైనా పదిమంది పుస్తకం పట్టుకుంటారు కదా అనేవాళ్లున్నారు. పట్టుకుంటారు. ఇండిగో గర్ల్స్ అనే గాయనుల జంట 1992లో ఆమె డైరీ చదివి ఏకంగా ఆమె పేరుతోనే పాట కట్టారు, అది నిజమైన పాఠకుల పాట. కానీ నది చూడ్డానికి వచ్చినవాళ్లు ప్రతి పేజీలోనూ నదినే వెతుక్కుంటారు. ఆ చదువు వల్ల వుల్ఫ్‌కు ఒరిగేదేమీ లేదు.

'ద మార్క్ ఆన్ ద వాల్'లో జరిగేది చాలా తక్కువ. ఒకామె కుర్చీలో కూర్చుని గోడ మీద మచ్చ చూస్తుంది. లేచి వెళ్లి చూస్తే తేలిపోతుంది, లేవదు. బుర్ర మాత్రం ఊరంతా తిరిగొస్తుంది. ఆఖరికి ఆ మచ్చ నత్త! నవీన్ నవల 'అంపశయ్య' చదివిన మనకు, మనసులో ఆలోచనలు పారినట్టే రాసే ఈ చైతన్య స్రవంతి కొత్త కాదు. నాకు ఆసక్తి కలిగించేది కథకన్నా అది అచ్చయిన చోటు. 1917లో భర్త లెనార్డ్‌తో కలిసి రిచ్‌మండ్‌లో తాము ఉంటున్న ఇంట్లోనే చిన్న చేతి ప్రెస్ పెట్టుకున్నారు. అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చింది వుల్ఫే. ఇద్దరి కథలూ కలిపి వేసిన ఆ తొలి పుస్తకం 150 కాపీలు.

అంతకుముందు 1915లో తొలి నవలను, ఆ తర్వాత 1919లో రెండో నవలను వేసింది జెరాల్డ్ డక్‌వర్త్ సంస్థ. ఈ జెరాల్డ్ ఆమె తల్లికి మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు, చిన్నప్పుడు తన ఒంటి మీద చెయ్యేశాడని ఆమే తర్వాత రాసుకున్న మనిషి. సొంత ప్రెస్ పేరు మీద వచ్చిన మొదటి నవల 1922 నాటి 'జేకబ్స్ రూమ్'. కథ పక్కకు జరిగి లయ ముందుకొచ్చింది అక్కణ్నుంచే. 'ద వేవ్స్' రాసేటప్పుడు తాను కథ అల్లిక కోసం కాక లయ కోసం రాస్తున్నానని సంగీతకర్త ఎథెల్ స్మిత్‌కు ఉత్తరం రాసింది. ఇంకొకరి ప్రెస్ అయితే అంత ధీమాగా ఆ మాట అనగలిగేదా?

అందుకే నా లెక్కలో వుల్ఫ్‌కు అసలు వారసురాలు ఇంగ్లిష్ గాయని కేట్ బుష్. వుల్ఫ్‌ను చదివి చేసిందని నేననడం లేదు, చేసిన పని అదే అంటున్నాను. 1982లో 'ద డ్రీమింగ్' ఆల్బమ్‌కు అద్దె స్టూడియోల ఖర్చు తడిసి మోపెడైంది. మరుసటి ఏడాది తల్లిదండ్రుల ఇంటి వెనక కొట్టంలో సొంత స్టూడియో కట్టుకుంది. అందులో తయారైందే 1985 నాటి 'హౌండ్స్ ఆఫ్ లవ్'. ఎల్పీ రెండో వైపంతా ఒకటే కథ. రాత్రి, సముద్రం, లైఫ్ జాకెట్ మీది చిన్న దీపంతో తేలుతున్న ఒంటరి ఆడమనిషి. నిద్ర ముంచుకొస్తుంది. మంచు కింద తానే కనిపిస్తుంది. ఎవరో మంత్రగత్తె అని నిలదీస్తారు. ఇంట్లో తన కోసం ఎదురుచూసే మనిషి పక్కనే నిలబడినట్టుంటుంది, అతనికి వినపడదు. నీళ్లున్నాయి, మనసు పరుగుంది, కానీ తెల్లారేసరికి ఆమె బతికి బయటపడుతుంది. గంటకింతని మీటరు తిరిగే స్టూడియోలో ఈ కథ ఇలా కుదిరేది కాదు.

ఇక డబ్బు సంగతి. 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో కథ చెప్పే ఆవిడకు ఏడాదికి 500 పౌండ్లు రాసిచ్చిన మేనత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయింది. ఆ డబ్బు సంగతి చెప్పే ఉత్తరం, ఆడవాళ్లకు ఓటు హక్కు ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. రెండింట్లో డబ్బే ఎంతో ముఖ్యమనిపించిందని ఆవిడ మొహమాటం లేకుండా చెబుతుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు పాట కట్టే అమ్మాయికి గదైతే దొరికింది, ఆ 500 పౌండ్లే దొరకలేదు. పాట హిట్టయినా మాస్టర్, అంటే పాట అసలు రికార్డింగ్, చాలాసార్లు కంపెనీదే. టేలర్ స్విఫ్ట్ అంతటి మనిషి చేతిలో లేని తన పాత ఆల్బమ్‌లను 2021 నుంచి ఒక్కొక్కటిగా మళ్లీ పాడుకుంటూ వచ్చి, 2025లో గానీ అసలు మాస్టర్లను కొనుక్కోలేకపోయింది. మొదటి కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడు పక్కన లాయర్ కూడా లేని అమ్మాయిల కష్టం ఈ నది పాటల్లో ఎక్కడా వినపడదు.