అరికాలి నల్లమచ్చ: ఆ మెసేజ్ నమ్మకండి

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "మన రంగు వాళ్ళకి చర్మ క్యాన్సర్ రాదు. అరికాలి మచ్చ ఆనికాయే. నల్లజీడి రసం పెడితే పోతుంది. కత్తి తగిలితేనే క్యాన్సరై ఒళ్ళంతా పాకుతుంది." ఇది నమ్మితే ప్రాణం మీదికొస్తుంది.

"మనకు రాదు" అంటున్నారు. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు మనకు తక్కువే, ఆ మేరకు నిజం. కానీ అరికాలు, అరచెయ్యి, గోటి కింద వచ్చే ఏక్రల్ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఎండతో పనిలేదు. మెలనోమా మనలో అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా పాదానికే వస్తుంది. గాయకుడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఇదే. ముందు ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్ళకే పోయాడు.

"ఆనికాయే" అని ఎలా తేల్చారు? ఆనికాయ ఒత్తిడి పడేచోట గట్టిపడుతుంది, నల్లగా పాకదు. మెలనోమా మచ్చ అంచులు వంకరటింకరగా ఉంటాయి, ఒకచోట గోధుమరంగు, ఇంకోచోట నలుపు. గోరైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. దెబ్బకు కమిలిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. మొదలు నుంచి కొసదాకా ఒకే వేలికి ఉన్న చార వెడల్పవుతుంటే, గోటి చుట్టూ చర్మం కూడా నల్లబడుతుంటే అనుమానించాల్సిందే. కొన్ని మెలనోమాలు అసలు నల్లగానే ఉండవు, ఎర్రటి పుండులా ఉంటాయి. అందుకే షుగర్ పుండు అని నెలల తరబడి కట్లు కడుతుంటారు, నాకు బాధ కలిగించేది ఇదే. సరైన వైద్యం చేసినా రెండు నెలల్లో మానని పుండుకు బయాప్సీ (చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చేసే పరీక్ష) అడగండి.

నల్లజీడి రసం చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. పైన మచ్చ చెదిరినా లోపల గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

ఇక కత్తి భయం. బయాప్సీ వల్ల మెలనోమా పాకదు, ఆలస్యం వల్ల పాకుతుంది. గడ్డ ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందో చెప్పేది ఆ ముక్కే. దాన్నిబట్టే చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా తీస్తారు. లోతు ఎక్కువైతే గజ్జల్లోని బిళ్ళను (లింఫ్ గ్రంథిని) కూడా పరీక్షిస్తారు, ఒక్కోసారి వేలు తీయాల్సి వస్తుంది. తొలిదశలో ఆపరేషన్‌తోనే నయమయ్యే అవకాశం ఎక్కువ. ముదిరితే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి) ఉన్నాయి గానీ, పాదం మెలనోమా మీద అవి మిగతా మెలనోమాల మీద పనిచేసినంతగా పనిచేయవు.

అనుమానం ఉంటే డెర్మోస్కోప్ (మచ్చను పెద్దదిగా చూపే పరికరం) ఉన్న చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. ఎక్కడైనా ఆనికాయనో, పులిపిరినో కోసి తీస్తే, ఆ ముక్కను పారేయకుండా ల్యాబ్‌కు పంపమనండి.